కంటి ఆపరేషన్‌కు ముందు గుండె దడ: విశ్వాసి ఏం చేయాలి?

మనిషి బలహీనుడిగా సృష్టించబడ్డాడని దివ్య ఖుర్ఆన్ (4:28) మనకు తెలియజేస్తోంది. ఆ బలహీనత ఒక్కొక్కరిలో ఒక్కో చోట బయటపడుతుంది. రాత్రంతా లారీ నడిపే మనిషి పంటి డాక్టరు కుర్చీ ఎక్కాలంటే వెనకాడతాడు. పది మందిని ఒంటిచేత్తో ఎదిరించగలవాడు సూదిని చూసి ముఖం తిప్పుకుంటాడు. ఇక కంటి మీద ఆపరేషన్ అంటే ఎంతటి ధైర్యవంతుడికైనా గుండెలో దడ పుడుతుంది. పెద్ద ఆపరేషన్లు చాలావాటిలో మనిషి మత్తులో ఉంటాడు, ఏం జరిగిందో అతనికి తెలియదు. అద్దాలు తీసేయడానికి చేసే లేజర్ ఆపరేషన్‌లో మాత్రం మెలకువగా పడుకుని, ఆపరేషన్ జరుగుతున్న ఆ కంటితోనే పైకి చూస్తూ ఉండాలి.

ఈ నెల పాఠంలో మేము ఆ దడ గురించే మాట్లాడదలిచాం. మన ఇళ్లల్లో యువతీ యువకులు ఈ ఆపరేషన్ చేయించుకోవడం ఇప్పుడు మామూలైపోయింది. అయితే వారి భయానికి జవాబు చెప్పేవారు ఇంట్లోనూ తక్కువే, మస్జిదులోనూ తక్కువే.

ఒక యువకుడి ప్రశ్న

2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం మొదలైనప్పటి నుంచి మా పహాడీ షరీఫ్ చుట్టుపక్కల యువకులు ఎంతోమంది టాక్సీ నడిపి జీవనం సాగిస్తున్నారు. రెండేళ్ల క్రితం ఇషా నమాజు తర్వాత అలాంటి యువకుడొకడు మస్జిదులో మా కోసం ఆగాడు. వయసు పాతికపైన ఒకటి రెండేళ్లు ఉంటుంది. చిన్నప్పటి నుంచి కళ్లద్దాలు. మైనస్ నాలుగున్నర సైటు. వానాకాలంలో అద్దాల మీద ఆవిరి పట్టి బండి నడపడం కష్టమవుతోందని లేజర్ ఆపరేషన్‌కు సిద్ధపడ్డాడు. వచ్చే శనివారమే ఆపరేషన్. కొంత డబ్బు కూడా కట్టేశాడు.

“హజ్రత్, మూడు రాత్రులుగా నిద్ర లేదు. అన్నం సహించడం లేదు. మగాడివై ఉండి దానికి భయమా అని ఇంట్లో నవ్వుతున్నారు. అల్లాహ్ మీద నమ్మకం ఉంటే భయమెందుకని మా బావ అన్నాడు. ఆ మాట అన్నప్పటి నుంచి ఇంకా భయంగా ఉంది. నా ఈమాన్‌లో ఏదైనా లోపముందా? ధైర్యం రావడానికి ఏదైనా వజీఫా చెప్పండి” అన్నాడు.

నిజం చెప్పాలంటే మేము వెంటనే ఒక దుఆ నేర్పి, వీపు తట్టి పంపేయబోయాం. రాత్రి పొద్దుపోయింది, ఇంటికి వెళ్లాలన్న తొందర కూడా ఉంది. కానీ అతని చేతులు వణుకుతుండటం చూసి ఆగిపోయాం. “బాబూ, నువ్వు దేనికి భయపడుతున్నావు?” అని అడిగాం. “ఆపరేషన్‌కు” అన్నాడు. “ఆపరేషన్‌లో దేనికి?” అని మళ్లీ అడిగాం. అతను జవాబు చెప్పలేకపోయాడు. అప్పుడు ఒక కాగితం, కలం ఇచ్చి, ఇంటికెళ్లి ఒక్కో భయాన్నీ ఒక్కో వరుసలో రాసి, రేపు అస్ర్ తర్వాత తీసుకురమ్మన్నాం.

మరుసటి రోజు అతను తెచ్చిన కాగితం మీద నాలుగు భయాలున్నాయి. ఐదవది కాగితం మీద లేదు. అదే అసలు విషయమని తర్వాత తెలిసింది.

భయం ఈమాన్ లోపమా?

ముందుగా బావ అన్న మాటను చూద్దాం. మాంత్రికులు విసిరిన తాళ్లు, కర్రలు పాముల్లా కదులుతున్నట్టు కనిపించినప్పుడు హజ్రత్ మూసా (అలైహిస్సలాం) తన మనసులో భయపడ్డారని ఖుర్ఆన్ (20:67) స్వయంగా చెబుతోంది. దైవప్రవక్తకు భయం కలిగినందుకు అల్లాహ్ ఆయనను ఈమాన్ లేనివాడని అనలేదు. భయపడవద్దని ధైర్యం చెప్పాడు, గెలుపు నీదేనని తెలిపాడు. ఆ తర్వాత ఏం చేయాలో కూడా చెప్పాడు: చేతిలో ఉన్న కర్రను కింద వేయమన్నాడు.

హజ్రత్ మూసా మాతృమూర్తి విషయంలో ఈ సంగతి ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఫిరౌన్ సైనికులు పసిపిల్లలను చంపుతున్న రోజులవి. అల్లాహ్ ఆమెకు భయపడవద్దు, దుఃఖపడవద్దు అని మాత్రమే చెప్పి ఊరుకోలేదు. ముందు పాలు పట్టమన్నాడు. ప్రమాదం అనిపించినప్పుడు నదిలో వదలమన్నాడు. బిడ్డను తిరిగి ఆమె దగ్గరకే చేరుస్తానని వాగ్దానం చేశాడు (28:7). అయినా ఆ తల్లి గుండె తల్లడిల్లింది. అల్లాహ్ ఆమె హృదయాన్ని దృఢపరిచాడు (28:10). ఆమె చేతులు కట్టుకుని కూర్చోలేదు. పెట్టె ఎటు వెళ్తుందో చూసి రమ్మని కూతురిని పంపింది (28:11).

సోదర సోదరీమణులారా! ఈ ఉదంతంలో మనకు కావలసిన పాఠమంతా ఉంది. భయపడేవారికి “భయపడకు” అనే ఒక్క మాట సరిపోదు. ఏం జరగబోతోందో, తాను ఏం చేయాలో తెలిసినప్పుడే ఆ మాట గుండెలో నిలుస్తుంది.

పైగా కంటి గురించి భయపడటం అల్పమైన విషయం కాదు. సహీహ్ బుఖారీలోని ఒక హదీసులో మహాప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) రెండు కళ్లను దాసునికి అతి ప్రియమైన రెండు వస్తువులుగా పేర్కొన్నారు. ప్రియమైన దాని గురించి ఆందోళన పడటం మానవ సహజం. దానిని చూసి నవ్వడం మనకు తగదు.

“అల్లాహ్ ఇచ్చిన రూపాన్ని మార్చడం కాదా ఇది?” అని కొందరు పెద్దలు అడుగుతుంటారు. ఆ సందేహం కూడా లోలోపల భయాన్ని పెంచుతుంది. చూపులోని లోపాన్ని సరిచేయడం చికిత్స కిందికే వస్తుంది. కులాబ్ యుద్ధంలో ముక్కు కోల్పోయిన హజ్రత్ అర్ఫజా (రజియల్లాహు అన్హు) వెండి ముక్కు పెట్టించుకోగా, అది దుర్వాసన వేసినప్పుడు బంగారు ముక్కు పెట్టించుకోవడానికి మహాప్రవక్త (స) అనుమతించిన ఉదంతం అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాలలో ఉంది. లోపాన్ని సరిదిద్దుకోవడం వేరు, సృష్టిని వికృతం చేయడం వేరు.

మొదటి భయం: మెలకువగా ఉంటే నొప్పి భరించగలనా?

ఆ యువకుడి కాగితం మీద మొదటి వరుస ఇది. దీనికి మందు, జరిగేదాన్ని ముందే తెలుసుకోవడం.

కంటి ముందుభాగంలో గడియారం అద్దంలా ఉండే పారదర్శకమైన పొరను కార్నియా అంటారు. దాని మందం దాదాపు అర మిల్లీమీటరు. దాని వంపు సరిగా లేకపోతే, లేదా కన్ను పొడవు ఎక్కువగానో తక్కువగానో ఉంటే చూపు మసకబారుతుంది. లేజర్‌తో కార్నియా వంపును అవసరమైనంత మేర సవరిస్తారు.

లాసిక్ పద్ధతిలో జరిగేది ఇది. మొదట కంట్లో మొద్దుబార్చే చుక్కలు వేస్తారు. సాధారణంగా ఇంజెక్షన్ ఉండదు. రెప్పలు మూతపడకుండా చిన్న క్లిప్పు పెడతారు. తర్వాత కంటి మీద ఒక రింగు ఆనించి బిగిస్తారు. ఎక్కువమంది బెదిరిపోయేది ఇక్కడే. కంటి మీద గట్టిగా ఒత్తినట్టు ఉంటుంది, కొద్ది సెకన్లపాటు చూపు మసకబారి చీకటి కమ్మవచ్చు. ఈ సంగతి ముందే తెలియనివాడు “నా చూపు పోయింది” అనుకుంటాడు. తెలిసినవాడు లోలోపల అంకెలు లెక్కపెట్టుకుంటాడు. ఆ తర్వాత కార్నియా మీద సన్నని పొరను పుస్తకం అట్టలా తెరిచి, లోపలి భాగం మీద లేజర్ వేస్తారు. ఆ లేజర్ పనిచేసే సమయం చాలామందికి ఒక నిమిషం లోపే. టకటకమనే శబ్దం వినిపిస్తుంది. వెంట్రుక కాలినట్టు వాసన వస్తుంది. చివరికి పొరను తిరిగి యథాస్థానంలో పరుస్తారు. రెండు కళ్లకూ కలిపి సాధారణంగా అరగంట లోపే పూర్తవుతుంది.

ఆ వాసన చూసి కన్ను కాలిపోతోందని హడలిపోయేవారున్నారు. ఈ పనికి వాడే ఎక్సైమర్ లేజర్ నిప్పులా కాల్చదు. 1981లో అమెరికాలోని ఐబీఎం సంస్థ పరిశోధనశాలలో, మద్రాసులో పుట్టిన రంగస్వామి శ్రీనివాసన్ తన సహచరులతో కలిసి దీని గుణాన్ని కనుగొన్నారు. పండుగ విందులో మిగిలిన టర్కీ కోడి ముక్కల మీద దాన్ని ప్రయోగించి చూశారు. చుట్టుపక్కల భాగం మాడకుండా, గురిపెట్టిన చోట మాత్రమే అతి సన్నని పొర తొలగిపోయింది. కంటి చికిత్సకు దీన్ని వాడే ఆలోచన 1983లో రూపుదిద్దుకుంది. ఎన్నో పరీక్షల తర్వాత 1995లో అమెరికా ప్రభుత్వ ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి లభించింది.

లాసిక్ ఒక్కటే పద్ధతి కాదు. పొర తెరవకుండా కార్నియా పైతొక్కను తొలగించి లేజర్ వేసే పీఆర్‌కే పద్ధతిలో తర్వాత కొన్ని రోజులు నొప్పి, మంట ఉంటాయి, చూపు నెమ్మదిగా కుదురుతుంది. చిన్న కోతతో చేసే స్మైల్ పద్ధతి మరొకటి. తనకు ఏ పద్ధతి చేస్తున్నారో తెలియకుండా ఎవరూ బల్ల మీద పడుకోకూడదు.

ఇక్కడ మరో మాట. మేము బయాన్లలో హజ్రత్ ఉర్వా బిన్ జుబైర్ (రహ్మతుల్లా అలైహి) ఉదంతం చెబుతుంటాం. కాలు కోయవలసి వచ్చినప్పుడు ఆయన మత్తు పుచ్చుకోవడానికి ఒప్పుకోలేదని గ్రంథాలు చెబుతాయి. అది ఆయన స్థానం. ఆ ఉదంతం చెప్పి, మొద్దుబార్చే చుక్కలు వేయించుకునేవారిని సిగ్గుపడేలా చేయడం సరికాదు. ఆ చుక్కలు బుద్ధిని మత్తులో ముంచేవి కావు. ఆందోళన మరీ ఎక్కువగా ఉన్నవారికి డాక్టరు చికిత్సలో భాగంగా నెమ్మదింపజేసే మాత్ర ఇస్తే, అది అవసరం కోసం వాడే మందే అవుతుంది.

మత్తుమందు గురించిన భయానికి పరిశోధనతో జవాబు వెతికిన చరిత్ర మన హైదరాబాదుకే ఉంది. క్లోరోఫామ్ ఎంతవరకు క్షేమమో తేల్చడానికి ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ కాలంలో 1888లో, 1889లో ఇక్కడ రెండు కమిషన్లు ప్రయోగాలు చేశాయి. వాటి నిర్ణయాలలో కొన్ని సరికావని తర్వాతి పరిశోధకులు తేల్చారు. అయినా మన పెద్దలు భయాన్ని నవ్వులాటగా తీసుకోలేదు, పరీక్షించి చూశారు.

రెండవ భయం: కన్ను కదిలితే ఏమవుతుంది?

“తుమ్ము వస్తే? రెప్ప వేస్తే? కన్ను పక్కకు తిరిగితే?” అని అతను రాశాడు. రెప్పలను క్లిప్పు పట్టి ఉంచుతుంది కాబట్టి రెప్ప వేస్తానేమోనన్న బెంగ అక్కర్లేదు. పైన మెరిసే చుక్కలాంటి దీపం ఒకటి కనిపిస్తుంది. దాన్ని చూస్తూ ఉండటమే రోగి చేయవలసిన పని. కంటి చిన్న చిన్న కదలికలను యంత్రం కనిపెట్టి తన గురిని సరిచేసుకుంటుంది. కదలిక హద్దు దాటితే లేజర్ ఆగిపోతుంది. దగ్గు, తుమ్ము వచ్చేలా ఉంటే ముందే నోటితో చెప్పాలి. తల మాత్రం కదపకూడదు.

బల్ల మీద ఉన్నప్పుడు జిక్ర్ గురించి కూడా అడిగాడు. అల్లాహ్ స్మరణతోనే హృదయాలు నెమ్మదిస్తాయని ఖుర్ఆన్ (13:28) బోధిస్తోంది. అయితే అప్పుడు పెదవులు, తల కదిలించి చదవడం మంచిది కాదు. ముక్కుతో నిదానంగా గాలి పీల్చి, అంతకంటే నిదానంగా వదులుతూ, వదిలే ప్రతిసారీ మనసులో “యా అల్లాహ్” అనుకుంటే చాలు. ఊపిరి నెమ్మదిస్తే గుండె దడ కూడా నెమ్మదిస్తుంది. ఇంట్లో నాలుగు రోజుల ముందు నుంచే పడుకుని, పైకప్పు మీద ఒక గుర్తును చూస్తూ ఐదు నిమిషాలు ఇలా అలవాటు చేసుకోవాలి.

మూడవ భయం: “లేజర్‌తో ఫలానావారి చూపు పోయింది”

ఇది ప్రతి ఇంట్లో వినిపించే మాట. ఈ యువకుడికి దూరపు బంధువు ఒకాయన ఉదాహరణ చెప్పారు. వివరాలు అడిగితే ఆయన ఇరవై ఏళ్లుగా షుగరు రోగి. షుగరు వల్ల కంటి వెనుక పొర, అంటే రెటీనా, దెబ్బతిన్నవారికి కూడా లేజర్ చికిత్స చేస్తారు. చూపు ఇంకా తగ్గకుండా ఆపడమే దాని ఉద్దేశ్యం. అక్కడ చూపు తీసింది ముదిరిన షుగరు, పేరు మాత్రం లేజర్‌కు వచ్చింది. అలాగే మన పెద్దవారికి చేసే శుక్లాల ఆపరేషన్‌ను కూడా ఇళ్లల్లో లేజర్ అనేస్తారు. నిజానికి ఎక్కువచోట్ల అందులో వాడేది అల్ట్రాసౌండ్ తరంగాలు.

విన్న ప్రతి మాటనూ చెప్పడం మనిషి అబద్ధాలకోరు కావడానికి చాలునని మహాప్రవక్త (స) హెచ్చరించారు. ఆపరేషన్‌కు వెళ్లబోయేవారి ముందు కూర్చుని ఇలాంటి కథలు చెప్పే బంధువులు ఈ హదీసును గుర్తుంచుకోవాలి.

అలాగని ఈ ఆపరేషన్‌లో ఏ ప్రమాదమూ లేదని మేము చెప్పడం లేదు. చాలామందికి కొన్ని నెలలపాటు కళ్లు పొడిబారతాయి. కొందరికి కొద్దిపాటి సైటు మిగిలిపోతుంది. అరుదుగా ఇన్ఫెక్షన్ రావచ్చు. ఇంకా అరుదుగా కార్నియా బలహీనపడి ముందుకు ఉబ్బవచ్చు. నలభై దాటాక దగ్గరి అక్షరాలు చదవడానికి అద్దాలు ఎలాగూ అవసరం కావచ్చు. ఇవన్నీ తెలుసుకుని చేసే నిర్ణయమే నిర్ణయం.

నాలుగవ భయం: రాత్రి దీపాలు, రేపటి రోజీ

“ఆపరేషన్ తర్వాత రాత్రి బండి నడపలేకపోతే ఇల్లెలా గడుస్తుంది?” ఇది ఉత్త భయం కాదు, న్యాయమైన ప్రశ్న. లేజర్ తర్వాత కొన్ని వారాలు, కొందరికి ఇంకా ఎక్కువకాలం, రాత్రివేళ దీపాల చుట్టూ వలయాలు కనిపించడం, ఎదుటి బండి లైట్లు కళ్లలో చిమ్మినట్టు ఉండటం జరుగుతుంది. శ్రీశైలం రోడ్డు మీద రాత్రి రెండు గంటలకు బండి నడిపేవాడికి ఇది బతుకుదెరువు సమస్య. పక్కన కూర్చున్న ప్రయాణికుల ప్రాణాల సమస్య కూడా.

“ఈ విషయం డాక్టరుని అడిగావా?” అన్నాం. అడగలేదు. అడిగితే తెలివితక్కువవాడు అనుకుంటారని మొహమాటపడ్డాడు. తెలియకపోతే తెలిసినవారిని అడగమని ఖుర్ఆన్ (16:43) ఆజ్ఞాపించింది. అడగడంలో సిగ్గు లేదు, అడగకుండా సంతకం పెట్టడంలోనే నష్టం ఉంది. ఆ సాయంత్రమే మేమిద్దరం కూర్చుని డాక్టరుని అడగవలసిన ప్రశ్నలు రాశాం:

• నాకు చేయబోయే పద్ధతి ఏది? నా కార్నియా మందం, ఆకారం దానికి సరిపోతాయా?
• చీకట్లో నా కంటిపాప ఎంత పెద్దదవుతుంది? రాత్రి చూపు మీద ప్రభావం ఉంటుందా?
• ఎన్ని రోజులు బండి నడపకూడదు? రాత్రిపూట ఎన్ని రోజులు?
• సైటు మిగిలితే ఏం చేస్తారు? దాని ఖర్చు ఎవరిది?
• అద్దాలతోనే ఉండిపోతే నాకు కలిగే నష్టమేమిటి?

చివరి ప్రశ్న అన్నిటికన్నా ముఖ్యమైనది. ఇది ప్రాణం కాపాడే అత్యవసర ఆపరేషన్ కాదు. వద్దనుకునే హక్కు, వాయిదా వేసుకునే వెసులుబాటు ఆఖరి నిమిషం వరకూ ఉంటాయి. ఈ ఒక్క సంగతి మనసుకు ఎక్కితేనే సగం బిగువు సడలుతుంది. పెళ్లి సంబంధాల కోసం ఆడపిల్లలను బలవంతంగా ఈ ఆపరేషన్‌కు తీసుకెళ్లే తల్లిదండ్రులు కూడా ఈ ప్రశ్నను తమకు తాము వేసుకోవాలి. కన్ను ఆ అమ్మాయిది, నిర్ణయం ఆమె ఇష్టంతో జరగాలి.

ఐదవ భయం: కాగితం మీద రాయనిది

మాటలు అయిపోయాక కూడా అతను లేవలేదు. కాసేపటికి తల దించుకుని చెప్పాడు: “హజ్రత్, డాక్టరుకి ఒక మాట చెప్పలేదు. ఎనిమిది నెలల క్రితమే అద్దాల నంబరు మారింది. రెండేళ్లుగా మారలేదని చెప్పాను. కళ్లు దురదపెట్టి రోజూ గట్టిగా నలుపుతుంటాను. అదీ చెప్పలేదు. చెబితే ఆపరేషన్ చేయరేమోనని.”

మూడు రాత్రుల నిద్రలేమికి కారణం మాకు అప్పుడు అర్థమైంది. లేజర్‌కు భయపడుతున్నానని అతను అనుకుంటున్నాడు. నిజానికి తాను దాచిన మాట అతన్ని నిద్రపోనివ్వడం లేదు.

ఇది చిన్న విషయం కాదు. ఈ ఆపరేషన్‌కు వయసు పద్దెనిమిది దాటాలి, సైటు కనీసం ఏడాదిగా నిలకడగా ఉండాలి అన్నది వైద్యుల సాధారణ నియమం. నంబరు మారుతూ ఉండటం, కళ్లు విపరీతంగా నలపడం కార్నియా పలచబడి శంకువులా ముందుకు వచ్చే కెరటోకోనస్ అనే వ్యాధికి సూచన కావచ్చు. అలాంటి కంటికి లేజర్ చేస్తే చూపు బాగుపడటానికి బదులు చెడిపోయే ప్రమాదముంది. యంత్రాల పరీక్షలో చాలావరకు పట్టుబడినా, రోగి చెప్పే నిజం కూడా ఆ పరీక్షలో భాగమే. గర్భం, పసిబిడ్డకు పాలివ్వడం, షుగరు, కీళ్లవాతం, వాడుతున్న మందులు, ఇవేవీ దాచకూడదు.

“ఒంటెను కట్టి, అప్పుడు అల్లాహ్ మీద భారం వేయమని ప్రవక్త (స) చెప్పిన మాట నీకు తెలుసు కదా. డాక్టరుకి నిజం చెప్పడమే నువ్వు ఒంటెను కట్టడం. తాడు విప్పి పెట్టి వజీఫా అడుగుతున్నావు” అన్నాం. కోపంతో కాదు, ప్రేమతోనే అన్నాం. అతని కళ్లల్లో నీళ్లు తిరిగాయి. “కట్టిన డబ్బు పోతే?” అన్నాడు. “పోతే పోనీ. కన్ను పోతే కొనగలవా?” అన్నాం.

గుండె దడలో రెండు రకాలున్నాయని మేము ఆ రోజు నేర్చుకున్నాం. ఒకటి తెలియనితనం వల్ల పుట్టేది. తెలుసుకుంటే అది తగ్గుతుంది. రెండవది లోపల ఏదో సరిగా లేదని మనస్సాక్షి తట్టి చెప్పేది. దాన్ని జోకొట్టి నిద్రపుచ్చకూడదు. లేచి తలుపు తీయాలి.

ముందు రోజులు, ఆ రోజు

పరీక్షలు సరిగా ఉండి, మనసు స్థిరపడి, ఇస్తిఖారా చేసి, ఇంటివారితో సంప్రదించి ఆపరేషన్ నిర్ణయమైతే ఈ జాగ్రత్తలు పాటించాలి.

కాంటాక్ట్ లెన్సులు వాడేవారు పరీక్షలకు ముందు నుంచే, డాక్టరు చెప్పినన్ని రోజులు మానాలి. మెత్తనివైతే ఒకటి రెండు వారాలు, గట్టివైతే ఇంకా ఎక్కువ. సుర్మా, కాజల్ కొన్ని రోజుల ముందే ఆపేయాలి. ఆ పొడి రెప్పల అంచున మిగిలితే హాని. సుర్మా వేసుకోవడం పుణ్యమే కదా అని కొందరు ఆ ఉదయం కూడా వేసుకుని వెళ్తారు. బజారులో దొరికే కొన్ని సుర్మాలలో సీసం ఉంటుందన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఆ రోజు అత్తరు, సెంటు, స్ప్రే ఏదీ పూసుకోకూడదు. వాటి ఆవిరి లేజర్ పనికి అడ్డు కావచ్చు. వెంట వచ్చేవారు కూడా పూసుకోకూడదు.

ఇషా చదువుకుని త్వరగా పడుకోవాలి. రాత్రి ఫోనులో ఆపరేషన్ దృశ్యాలు చూస్తూ కూర్చోవడం భయాన్ని పెంచుతుంది. ఉదయం రెండు రకాతుల నఫిల్ నమాజు చదివి, తన మాటల్లోనే, తన భాషలోనే అల్లాహ్‌ను వేడుకోవాలి. చింత నుంచి, దుఃఖం నుంచి మహాప్రవక్త (స) స్వయంగా అల్లాహ్ శరణు వేడుకునేవారు. ఆ దుఆ వచ్చినవారు అది చదవాలి. డాక్టరు వద్దనకపోతే కొద్దిగా తినాలి. బీపీ, షుగరు మందుల విషయం అడిగి తెలుసుకోవాలి. తోడు తప్పనిసరి. డ్రైవరైనా సరే, తిరుగు ప్రయాణంలో వెనుక సీట్లోనే కూర్చోవాలి.

లోపలికి వెళ్లాక “నాకు భయంగా ఉంది. చేసే ప్రతి పనినీ ముందు చెప్పి చేయండి” అని డాక్టరుకి చెప్పడంలో నామోషీ లేదు. మంచి వైద్యులు అలా చెప్పేవారిని మెచ్చుకుంటారు.

ఆపరేషన్ అయ్యాక కొన్ని గంటలు మంట, నీరు కారడం, ఇసుక పడినట్టు ఉండటం సహజం. చుక్కలు వేసుకుని పడుకోవాలి. కన్ను నలపకూడదు. రాత్రి కంటికి రక్షణ కవచం పెట్టుకోవాలి. నొప్పి తగ్గకుండా పెరిగినా, చూపు తగ్గుతూ వచ్చినా తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి ఫోను చేయాలి.

వుజూ, నమాజు, ఉపవాసం

“ముఖం కడగవద్దన్నారు, మరి నమాజు ఎలా?” అన్న బెంగతో కొందరు తడి చేయకూడని కన్ను తడిపేస్తారు, కొందరు నమాజే వదిలేస్తారు. రెండూ పొరపాటే. వుజూలో కంటి లోపల కడగడం అవసరం లేదు. మిగతా అవయవాలు మామూలుగా కడిగి, నీళ్లు హాని చేసే చోట తడిచేత్తో తుడవాలి. అదీ హాని అయితే ఆ మేరకు మినహాయింపు ఉంది. ముఖమంతా తడపవద్దని డాక్టరు చెబితే తయమ్ముమ్ గురించి తమ ఆలింను ముందే అడిగి ఉంచుకోవాలి. వంగవద్దని డాక్టరు చెప్పిన సమయంలో కూర్చుని సైగతో నమాజు చదవవచ్చు. జబ్బుతో ఉన్న హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి)కు నిలబడలేకపోతే కూర్చుని, అదీ సాధ్యం కాకపోతే పక్కకు పడుకుని చదవమని మహాప్రవక్త (స) అనుమతించారు. కంటి చుక్కలతో ఉపవాసం భంగం కాదన్నది హనఫీ ఉలమాల ప్రసిద్ధ అభిప్రాయం. అయినా అత్యవసరం కాని ఈ ఆపరేషన్‌ను రమజాన్ తర్వాతకు పెట్టుకుంటే మనసుకు నిశ్చింత.

తర్వాత ఏం జరిగింది?

ఆ యువకుడు మరునాడే ఆసుపత్రికి వెళ్లి జరిగినదంతా చెప్పాడు. డాక్టరు కోప్పడలేదు. పరీక్షలు మళ్లీ చేసి, కార్నియా ఆకారం బాగానే ఉందని, అయితే నంబరు నిలకడగా ఉందో లేదో చూడాలని ఆపరేషన్ వాయిదా వేశారు. దురదకు మందు ఇచ్చి, కళ్లు నలపవద్దన్నారు. ఆ రాత్రి కడుపునిండా తిని, హాయిగా నిద్రపోయానని అతను మాకు చెప్పాడు. ఆపరేషన్ జరగలేదు, సైటు పోలేదు, అయినా నిద్ర పట్టింది!

పది నెలల తర్వాత నంబరు మారలేదని తేలి, ఆపరేషన్ జరిగింది. డాక్టరు అనుమతి ఇచ్చేదాకా అతను రాత్రి బండి ముట్టలేదు. ఆ వారాలకు సరిపడా డబ్బు ముందే కూడబెట్టుకున్నాడు. “భయం వేయలేదా?” అని అడిగితే నవ్వాడు. “వేసింది హజ్రత్. రింగు పెట్టి చీకటైనప్పుడు గుండె ఆగినంత పనైంది. కానీ ఇది వస్తుందని నాకు తెలుసు. యా అల్లాహ్ అనుకుంటూ లెక్కపెట్టాను. పద్దెనిమిది దాకా వచ్చేసరికి వెలుతురు కనిపించింది” అన్నాడు.

ఒకవేళ డాక్టరు ఈ ఆపరేషన్ నీకు పనికిరాదని చెప్పి ఉంటే? అప్పుడు అతను అద్దాలతోనే బండి నడుపుకునేవాడు. అది కూడా అల్లాహ్ కారుణ్యమే అయ్యేది.

మన ఇంట్లో ఎవరైనా ఆపరేషన్‌కు భయపడుతుంటే ఈసారి “భయపడకు” అని వెళ్లిపోకుండా, పక్కన కూర్చుని “దేనికి భయపడుతున్నావు?” అని అడుగుదాం. ఒక కాగితం, కలం చేతికిద్దాం. రాసినవాటికి జవాబులు వెతికిపెడదాం. రాయని మాట ఒకటి మిగిలి ఉంటే, అది బయటికి వచ్చేదాకా ఓపికగా కూర్చుందాం.

అల్లాహ్ మన కళ్లకు వెలుగును, మన హృదయాలకు నెమ్మదిని, మన నాలుకలకు నిజం చెప్పే శక్తిని ప్రసాదించుగాక! ఆమీన్.